గల్ఫ్ పోస్టరే నయం

జగిత్యాల జిల్లా కోరుట్లలో అంటించే గల్ఫ్ ఉద్యోగాల పోస్టరు ఎప్పుడైనా చదివారా? సాహిత్య విలువ సున్నా. మేస్త్రీ, ప్లంబరు, హెల్పరు. జీతం ఇన్ని దిర్హాములు, డ్యూటీ ఎనిమిది గంటలు, ఓటీ ఉంది, రూము కంపెనీది, తిండి సొంతం. అంతే. అందులో నిజమెంతన్నది వేరే సంగతి. నమ్మి పోయి మునిగినవాళ్లు జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఊరికి నలుగురు దొరుకుతారు. కానీ అబద్ధమాడే ఏజెంటుకు కూడా ఒక మర్యాద ఉంది: అంకె వేసి మరీ ఆడతాడు.

ఇక పీజీ రెసిడెంట్లను రారమ్మని పిలిచే మెడికల్ కాలేజీ వెబ్‌సైటు తెరవండి. ముందు డ్రోన్ లేస్తుంది. పైనుంచి భవనం, ఫౌంటెను, పచ్చిక. తర్వాత చేతులు కట్టుకుని నవ్వే ముగ్గురు డాక్టర్లు. కోటు మీద మరక లేదు, కళ్ల కింద నలుపు లేదు. అంటే వాళ్లు రెసిడెంట్లు కారన్నమాట. ఆ వెనక చైర్మన్ గారి సందేశం, వారి నాన్నగారి ఆశయం. జిమ్ము కూడా ఉందట! ముప్పై ఆరు గంటల డ్యూటీ దిగినవాడు నేరుగా వెళ్లి బరువులెత్తుతాడు కాబోలు.

స్టైపెండ్ ఎంత? ‘నిబంధనల ప్రకారం’. డ్యూటీ ఎన్ని గంటలు? చప్పుడు లేదు. ఫీజు కాలమ్‌లో మాత్రం రూపాయి పొల్లు పోదు. సీటు మధ్యలో వదిలితే కట్టాల్సిన జరిమానా కూడా లక్షల్లో, అక్షరాల్లో, అంకెల్లో ఉంటుంది.

పోనీ, ఆ నిబంధనలేమంటున్నాయి? 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం వారానికి 48 గంటలు, ఒక్క బిగిన 12 గంటలు దాటొద్దంది. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనలు ‘సముచితమైన పనిగంటలు’ అన్నాయి. 31 ఏళ్లలో అంకె ఎదిగి విశేషణమైంది! ఫొటోల సోకులో అమెరికావాళ్లూ తక్కువేం కాదు. కోవిడ్ పుణ్యమా అని 2020లో రెసిడెన్సీ ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌కు మారాక పిజ్జా పార్టీల ఫొటోలు, కొండలెక్కే ఫొటోలు అక్కడా తామరతంపర. అయినా వారానికి 80 గంటల పరిమితి 2003 నుంచీ ఉంది. ఏ ఏడాది రెసిడెంటుకు ఎంత జీతమో చాలా సైట్లలో రాసే ఉంటుంది.

మన దగ్గర స్టైపెండ్ వివరాలు వెబ్‌సైట్లో పెట్టండి బాబూ అని కమిషన్ 2025లో కాలేజీలకు చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందే, 2024 జూన్‌లో, తెలంగాణ జూనియర్ డాక్టర్లు స్టైపెండ్ నెలనెలా ఇవ్వండంటూ సమ్మెకు దిగారు. ఆ ఫొటోలు ఏ గ్యాలరీలోనూ నాకు కనపడలేదు. ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి కదా, అక్కడి ఓపీ వరుస కూడా లేదు. డ్రోన్ అంత కిందికి దిగదేమో.

పదో తరగతి దాటని మేస్త్రీ గల్ఫ్ విమానం ఎక్కాలంటే 1983 వలస చట్టం కింద అనుమతి కావాలి, జీతం రాసిన ఒప్పందం చూపాలి. సిరిసిల్లలో సాంచె (మరమగ్గం) నడిపేవాడు మీటరుకు ఎంతో తేల్చుకున్నాకే పనిలోకి దిగుతాడు. ఎంబీబీఎస్ చదివినవాడికి ఆ యోగం లేదు. వాడికి ఫౌంటెను ఉంది.

జగిత్యాల ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో 150 సీట్లతో మొదలైంది, సిరిసిల్లది 2023లో 100 సీట్లతో. ఆ పిల్లలూ ఇంటర్న్‌షిప్ ముగించి ఈ వీడియోల ముందు కూర్చునే రోజు ఎంతో దూరం లేదు. తల్లిదండ్రులారా, డ్రోన్ దిగేదాకా ఓపిక పట్టి మూడే మూడు ముక్కలు అడగండి: జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు, నెలనెలా ఇస్తరా? ఎట్లా అడగాలో తెలియకపోతే కోరుట్లలో ఎవరైనా నేర్పుతారు.