నడిబొడ్డు బసకు జేజేలు

యూరప్‌లో నాలుగు రోజుల సెలవుకు ఊరు ఎంచుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ ఊళ్లో బస ఎంచుకోవడం మాత్రం మహానుభావుల విద్య. ఆ విద్య వైభవమంతా చూడాలంటే వెనిస్ వెళ్లాలి. వర్తకులూ నావికులూ బురదనేలలో కొయ్య గుంజలు దిగగొట్టి, తరతరాలుగా లేపిన నగరం అది. దాన్ని వశం చేసుకోవడానికి 1797లో నెపోలియన్ అంతటివాడికి కూడా సైన్యం కావలసి వచ్చింది. మనవాళ్లకు సోఫా చాలు. ఫోన్‌లో మూడు ఫిల్టర్లు నొక్కుతారు: నడిబొడ్డున ఉండాలి, రేటింగ్ తొమ్మిదికి పైన ఉండాలి, ఫ్రీ క్యాన్సిలేషన్ ఉండాలి. పది నిమిషాల్లో వెనిస్ చేతికొస్తుంది. ఇలాంటి వీరులను పొగడకుండా ఎవరి నోరు ఊరుకుంటుంది?

మూడింటిలోనూ ఫ్రీ క్యాన్సిలేషన్‌కు ముందుగా దండం పెట్టాలి. షెంజెన్ వీసా కావాలంటే ఎక్కడ దిగుతామో కాగితం చూపాలి కదా! అందుకని మన యాత్రికులు ఎంతో భక్తిగా కాన్సులేట్ కోసం ఒక హోటల్ బుక్ చేస్తారు. పేరున్న హోటల్, రిసెప్షన్‌లో మనిషి కూర్చునే హోటల్. పాస్‌పోర్టులో స్టిక్కర్ పడిన సాయంత్రమే దానితో రుణం తీరిపోతుంది. అసలు బస కోసం వేట అప్పుడు మొదలవుతుంది. ఒక్క ప్రయాణంతో ఇద్దరు ఆతిథేయుల్లో ఆశలు రేపగల ఔదార్యం ఎందరికి ఉంటుంది?

ఇక ప్రకటనల సత్యసంధత సంగతి. సాన్ మార్కో చౌకుకు 400 మీటర్లు అని రాసి ఉంటే అది అక్షరాలా నిజం. పావురాలకు. ఊరిని తిరగేసిన ఎస్ ఆకారంలో చీల్చుకుంటూ పోయే గ్రాండ్ కెనాల్ మీద ఉన్నవి మొత్తం నాలుగు వంతెనలు. స్టేషన్ ముందు స్కాల్జీ, దానికి కాస్త అవతల 2008లో తెరిచినది, నడుమ రియాల్టో, దిగువన అకాడెమియా. బస అవతలి గట్టున పడిందా, వంతెన దాకా నడిచి, దాటి, మళ్లీ ఇవతలి గట్టు వెంట అంతా నడిచి రావాలి. ఇంత వ్యాయామం ఉచితంగా ఇస్తూ కూడా దాన్ని సౌకర్యాల పట్టికలో రాసుకోని యజమాని వినయానికి మరో నమస్కారం.

చిరునామా వెతుక్కోవడంలో ఉన్న ఆనందం దీనికి అదనం. వెనిస్‌కు ఆరు పేటలు. ఇంటి నంబర్లు వీధిని బట్టి ఉండవు, పేట మొత్తానికీ ఒకే వరస. కస్తెల్లో పేటలో ఆ వరస ఆరు వేలు దాటుతుంది. ఐదు వేల చిల్లర నంబరు చేతపట్టుకుని రాత్రి పది గంటలకు పిల్లాపాపలతో దిగిన కుటుంబం నగర చరిత్రను గోడగోడనా తడిమి చదువుకుంటుంది. ఎత్తు గోడల మధ్య ఫోన్‌లోని నీలం చుక్క కాసేపు తడబడుతుంది. ఆ తర్వాత సరిగ్గా కాలువ నడుమ నిలబడి, చేరుకున్నారు అంటుంది. దాని ఆత్మవిశ్వాసాన్ని కూడా మెచ్చుకోవాలి.

ఈ వెతుకులాటకు నేపథ్య సంగీతం ఎలాగూ ఉంటుంది. కార్లు, స్కూటర్లు లేని ఊళ్లో చక్రాల చప్పుడు చేయగలిగేది సూట్‌కేసులే. రాళ్లు పరిచిన సందుల్లో గరగర, మెట్ల వంతెన రాగానే టకటక, మళ్లీ గరగర. వంతెనలు 400కు పైనే ఉన్నాయి గనక కచేరీకి లోటుండదు. 2014లో గట్టి చక్రాల పెట్టెలకు జరిమానా వేద్దామా అని ఊరి పెద్దలు ఆలోచించారట. తెల్లవారుజామున నిద్రపోయే దురలవాటున్న జనం మొరపెట్టుకుని ఉంటారు. ఆ జనాన్నే తగ్గించేస్తే గొడవ ఉండదని పాపం వాళ్లకు తట్టలేదు. మనకు తట్టింది.

ఆ ఉపాయం పేరే నడిబొడ్డున అద్దె ఫ్లాటు.

1951లో పాత వెనిస్‌లో సుమారు 1,75,000 మంది కాపురం ఉండేవారు. కాలువ మీదుగా తాళ్లు కట్టి బట్టలు ఆరేసేవారు, చేపల బేరం ఆడేవారు, పిల్లలను బడికి ఈడ్చుకెళ్లేవారు, కిటికీలోంచి పక్కింటివాళ్లతో పోట్లాడేవారు. ఇంత సందడిలో యాత్రికుడికి మంచి ఫోటో ఎలా దొరుకుతుంది? 2022 వచ్చేసరికి ఆ సంఖ్య 50 వేల కిందికి దిగింది. నిజం చెప్పుకోవాలి, ఈ ఘనత మొత్తం మన ఖాతాలో వేసుకుంటే అతిశయోక్తి అవుతుంది. 1966 నాటి పెద్ద వరద, కింది అంతస్తుల్లో వదలని చెమ్మ, ఒడ్డున కారు నిలుపుకునే చోటున్న కొత్త ఇళ్లు, అక్కడి ఫ్యాక్టరీ ఉద్యోగాలు మనకంటే ముందే ఎంతో శ్రమించాయి. అవి మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేయకుండా పూర్తిచేస్తున్న కీర్తి మాత్రం మనదే.

పని జరిగే తీరు ఎంత నాజూకుగా ఉంటుందో చూడండి. ఎవరూ ఎవరినీ మెడపట్టి గెంటరు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడ పోతుంది. వారసులు ఆవిడ బీరువా తీయించి, గోడకు ముసుగుల పండుగ బొమ్మ ఒకటి తగిలించి, మంచం మీద తెల్ల దుప్పటి పరుస్తారు. అదే వీధిలో కొత్తగా పెళ్లయిన జంట నెల అద్దెకు ఇల్లు అడిగితే లేదంటారు. మనం రాత్రి అద్దెకు అడిగితే ఎప్పుడూ ఉందంటారు. నెలంతా వాళ్లిచ్చేది మనం వారంలో ఇచ్చేస్తాం మరి! 2023 సెప్టెంబరులో ఈ లెక్కలు రాసుకుంటూ కూర్చునే స్థానిక సంఘాలవారు ఒక శుభవార్త చెప్పారు. పాత నగరంలో అతిథుల కోసం వేసిన పడకల సంఖ్య అక్కడ నివసించే మనుషుల సంఖ్యను దాటిపోయిందట. తలకొక యాత్రికుణ్ని ఇచ్చాక కూడా ఇంకా కొన్ని పడకలు మిగులు. ఇంత నిండైన పంపకం ఏ ప్రభుత్వం చేయగలిగింది?

ఆ ఫ్లాటు యజమానిని కళ్లారా చూడాలనుకోవడం అత్యాశ. దేవుడి మాదిరిగా ఆయన అంతటా ఉంటాడు, ఎక్కడా కనబడడు, భక్తిగా పిలిస్తే వాట్సాప్‌లో పలుకుతాడు. గుమ్మం పక్క చువ్వకు వేలాడే పెట్టెలో అంకెలు తిప్పితే తాళంచెవి ప్రసాదం. 2025 జనవరి నుంచి ఇలాంటి ప్రతి ఇంటికీ జాతీయ గుర్తింపు సంఖ్య ఉండాలని, అది ప్రకటనలోనూ గుమ్మం దగ్గరా కనబడాలని ఇటలీ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అతిథి వివరాలు 24 గంటల్లో పోలీసులకు చేరాలన్న నియమం ఎలాగూ ఉంది. మన శిరోమణులు ఇలాంటి అనుమానాలతో మనసు పాడుచేసుకోరు. ఫోటోలో కిటికీలోంచి కాలువ కనబడితే చాలు. ఆ కిటికీ ఏ ఇంటిదో అడగడం మర్యాద కాదు. నీళ్లకు అతి దగ్గర అని రాశారంటే నేలంతస్తేమో అన్న అనుమానమూ రాదు. 2019 నవంబరులో నీళ్లు 187 సెంటీమీటర్లకు లేచినప్పుడు ఆ మాటలో అబద్ధం లేదని ఋజువైంది. మరుసటి ఏడాది సముద్రానికి అడ్డంగా లేచే గేట్లను పనిలోకి దించి ఆ సదుపాయాన్ని కాస్త తగ్గించారనుకోండి.

అయినా తెలుగువాడు ఫ్లాటే కావాలనడానికి పవిత్రమైన కారణం ఒకటుంది. వంటగది. హైదరాబాదు నుంచి దిగినా, ఉద్యోగం చేసుకుంటున్న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలెక్కి వచ్చినా, రెండో పూటకల్లా పిజ్జా మొహం మొత్తుతుంది. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, ఆవకాయ సీసా, ఆ సీసా పగలకుండా చుట్టిన రెండు తువ్వాళ్లు. పోపు పెట్టగానే స్మోక్ అలారం మంగళవాద్యం మోగిస్తుంది. రియాల్టో పక్కన శతాబ్దాలుగా చేపలు, కూరగాయలు అమ్మే సంత ఉంది. కొనేవాళ్లు కరువై అంగళ్లు తగ్గిపోతున్నాయని ఊరివాళ్ల దిగులు. మనం వంటగదిని మాత్రం వాళ్ల ఊళ్లో అద్దెకు తీసుకుని సరుకులు ఇంటినుంచే మోసుకెళ్లేది, మిగిలిన ఆ నాలుగు అంగళ్ల మీద భారం పడకూడదనే కదా.

పొదుపరుల వర్గం మరొకటి. వీరు నీళ్లలో దిగరు, ఒడ్డునే మెస్త్రేలో ఉంటారు. రైల్లో పది పన్నెండు నిమిషాల దూరం. మన ప్యాకేజీ టూర్ల కరపత్రాల్లో వెనిస్‌లో రెండు రాత్రులు అని ఉండేది చాలాసార్లు ఈ మెస్త్రే గురించే. అది అబద్ధమనడానికీ వీల్లేదు, మెస్త్రే వెనిస్ పురపాలక సంఘం పరిధిలోదే. ఆ పుణ్యాన అక్కడి హోటల్లో పన్ను కట్టి పడుకున్నవారికి రద్దీ రోజుల్లో పగలు వచ్చి పోయేవారి మీద వెనిస్ వేసే ప్రవేశ రుసుము కూడా మాఫీ. ఇంకా చవకని పాదువా దాకా వెళ్లి దిగినవాడు ఆ రుసుము కట్టాలి. మెస్త్రేలో మిగిలిన డబ్బును పడవ తీర్థంలా పుచ్చుకుంటుంది. వపొరెట్టో అనే ఆ పడవ టికెట్ 75 నిమిషాలకు మనిషికి 9.50 యూరోలు. నలుగురున్న కుటుంబం రోజుకు రెండుసార్లు ఎక్కితే 76 యూరోలు. అన్నిటికంటే గొప్ప లాభం వేరే ఉంది. సాయంత్రం బస్సు టైముకు తిరిగి వెళ్లిపోతారు గనక, గుంపులు పోయాక సందులన్నీ ఊరివాళ్ల చేతికి తిరిగొచ్చే వేళ వెనిస్‌ను చూసే పాపం వీరికి అంటదు.

నగర పాలకుల దూరదృష్టిని ఒక్క మాటలోనైనా చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. పగలు వచ్చి పోయేవారికి 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ రోజుల్లో ఐదు యూరోల రుసుము పెట్టారు. మరుసటి ఏడాది ఆ రోజులను 54కు పెంచి, ఆలస్యంగా మేల్కొన్నవారికి పది యూరోలు చేశారు. ప్రపంచం చివరి నుంచి విమానం టికెట్ కొనుక్కుని వచ్చినవాడు ఆ ఐదు యూరోలు చూసి గుండె చెదిరి వెనక్కి తిరుగుతాడని వారి నమ్మకం. గుంపులో 25 మందికి మించకూడదన్నారు, గైడ్ల చేతుల్లో లౌడ్‌స్పీకర్లు తీసేశారు. అద్దె ఫ్లాట్ల మీద ప్రత్యేకంగా పరిమితి పెట్టుకునే అధికారాన్ని 2022లో ఇటలీ పార్లమెంటు వెనిస్ చేతిలో పెట్టింది. ఆ కత్తిని ఒరలోంచి లాగడానికి తొందరపడని నిగ్రహం వీరిది. బార్సిలోనా మేయర్ చూడండి, ఎంత ముక్కోపి! 2028 నవంబరు తర్వాత నగరంలో పర్యాటక ఫ్లాటు ఒక్కటి కూడా ఉండకూడదని, పదివేల పైచిలుకు లైసెన్సులను ఇక పొడిగించేది లేదని 2024లోనే ప్రకటించేశాడు. అలాంటి దుందుడుకుతనం వెనిస్‌లో లేకపోవడం మన అదృష్టం.

ఇంత చెప్పాక, తెలివితక్కువవాళ్ల గురించి కూడా చెప్పాలి. కొందరు కస్తెల్లో పేట తూర్పు కొసనో, వంతెనలు చేరని జుదెక్కా దీవిలోనో, ఏదో కుటుంబం నడిపే చిన్న హోటల్ వెతికి పట్టుకుంటారు. అక్కడ రిసెప్షన్‌లో మనిషి ఉండి పాస్‌పోర్టు అడుగుతుంది, పన్ను రసీదు రాసిస్తుంది. వేసవి వదిలేసి నవంబరులో వస్తారు. ఒక్క రోజులో చూసేయవలసిన ఊళ్లో నాలుగు రాత్రులుంటారు. భుజాన వేసుకునే సంచీతో వస్తారు గనక వీధికి సంగీతం లేదు. పొద్దున రొట్టెల అంగట్లో వరసలో నిలబడతారు, మధ్యాహ్నం సంతలో దోసెడు పళ్లు కొంటారు, సాయంత్రం ఏదో బాకరోలో, అంటే చిన్న వైన్ బారులో, నిలబడి చిరుతిండి తింటూ పక్కవాడి మాటలు అర్థం కాకపోయినా వింటారు. సాన్ మార్కో చేరాలంటే అరగంట నడక లేదా పడవ. వీళ్ల ఫోటోల్లో చూడండి, ఎక్కడ చూసినా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి బట్టలు ఆరేస్తూ అడ్డం ఉంటుంది. నడిబొడ్డు అంటే మనుషులున్న చోటు అని వీళ్ల వెర్రి వాదం. ఇలాంటివాళ్లే ఎక్కువైతే కొత్త జంటకు ఇల్లు దొరుకుతుంది, బడిలో పిల్లలు చేరతారు, బట్టల తాళ్లు మళ్లీ కాలువల మీదికొస్తాయి. ఇన్నేళ్ల శ్రమ కాలువలో కలుస్తుంది.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. రియాల్టో దగ్గర సాన్ బర్తోలొమియో చౌకులో ఒక మందుల షాపు కిటికీలో ఎర్రని అంకెల పలక వెలుగుతూ ఉంటుంది. పాత వెనిస్‌లో ఎందరు మిగిలారో చెప్పే లెక్క అది. 2008లో పెట్టినప్పుడు 60 వేల పైచిలుకు చూపింది. అంకె తగ్గుతున్న తీరు చూస్తే మన ప్రయత్నంలో లోపమేమీ కనబడదు గానీ, పని ఇంకా పూర్తి కాలేదు. వచ్చే వేసవికి నడిబొడ్డున ఫ్లాటు ఇప్పుడే చూసుకోండి. ఇంకా 40 వేల పైచిలుకు మంది అక్కడే ఉన్నారు.