మొదట చెయ్యెత్తింది నేనే

కర్నూలులో ఏంజెల్ ఇన్వెస్టర్ల బృందం, అంటే కొత్త కంపెనీల్లో సొంత డబ్బు పెట్టేవాళ్ల బృందం, ఒకటి కట్టినవాణ్ణి నేనే, దాన్ని చెడగొట్టినవాణ్ణీ నేనే. ఇన్నేళ్లూ ఎవరడిగినా కాలం కలిసిరాలేదన్నాను. సీమలో స్టార్టప్‌లకు వాతావరణం లేదన్నాను. స్టార్టప్‌లకు వచ్చే పెట్టుబడి మీద వేసే ఏంజెల్ ట్యాక్స్ మమ్మల్ని బతకనివ్వలేదన్నాను. 2012లో తెచ్చిన ఆ పన్నును 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. కర్నూలు, కడప కలిపి ఇలాంటి బృందం మళ్లీ కడదామని కొందరు పిల్లలు ఈమధ్య నా దగ్గరికి సలహాకు వస్తున్నారు. వాళ్లకు అబద్ధం చెప్పి పంపలేను.

మా నాయన కర్నూలు మార్కెట్ యార్డులో కమీషన్ మండీ నడిపాడు. నేను చదువుకుని, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరికి తిరిగొచ్చాను. అక్కడున్నప్పుడే ఈ పెట్టుబడుల సంగతి దగ్గర నుంచి చూశాను. 2012లో హైదరాబాద్ ఏంజెల్స్ మొదలైంది. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో స్టార్టప్‌ల కోసం టీ-హబ్ తెరిచారు. మీసాలు సరిగా రాని పిల్లలు వేదికెక్కి పది నిమిషాలు మాట్లాడి దిగితే, కింద కూర్చున్నవాళ్లు లక్షలు పెట్టడానికి ముందుకొచ్చేవాళ్లు. ఇది మా ఊళ్లో ఎందుకు జరగకూడదు? ఆ ప్రశ్నలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ ఉంది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది, పుల్లారెడ్డి కాలేజీ 1985 నుంచి ఇంజినీర్లను తయారుచేస్తోంది. ఆ పిల్లలంతా హైవే ఎక్కి ఉత్తరానికి హైదరాబాదో, దక్షిణానికి బెంగళూరో పోవాల్సిందేనా?

డబ్బుకూ కొదవ లేదు. కర్నూలు డాక్టర్లు, ఆదోని జిన్నింగ్ మిల్లుల వాళ్లు, ప్రొద్దుటూరు బంగారం వ్యాపారులు, కడప కాంట్రాక్టర్లు, అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు. ఇంటింటికీ తిరిగి అందరినీ కలిపాను. నెలకోసారి కర్నూలులో కూర్చునేవాళ్లం. హైదరాబాదు చూసొచ్చినవాడు, ఆ లెక్కలు తెలిసినవాడు అని అందరూ కలిసి నన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఆ మర్యాద పుచ్చుకున్నాను. దాని వెనకున్న పని మాత్రం నెత్తికెత్తుకోలేదు.

ఆ పనేమిటో తెలియక కాదు. ఇలాంటి బృందాల్లో పాతది బ్యాండ్ ఆఫ్ ఏంజెల్స్. హాన్స్ సెవెరీన్స్ అనే ఆయన 1994లో సిలికాన్ వ్యాలీలో మొదలుపెట్టాడు. చిప్పుల్లో, కంప్యూటర్లలో పండిపోయినవాళ్లు నెలకోసారి భోజనానికి కూర్చుని కొత్త కంపెనీల వాళ్ల మాట వినేవాళ్లు. డబ్బుతో పాటు, ఆ వ్యాపారంలో ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలిసిన అనుభవాన్నీ తెచ్చేవాళ్లు. మనదేశంలో 2006లో ఇండియన్ ఏంజెల్ నెట్‌వర్క్, ముంబయి ఏంజెల్స్ వచ్చాయి. పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒకటే. ప్రతి పెట్టుబడికీ సభ్యుల్లో ఒకరు బాధ్యత తీసుకుంటారు, లీడ్ ఇన్వెస్టర్ అంటారు. కంపెనీ విలువ బేరమాడేది ఆయనే, లెక్కలు తిరగేసేది ఆయనే, సరుకు కొనేవాళ్లను కలిసొచ్చేది ఆయనే. డబ్బు వేశాక కంపెనీ బాగోగులు కనిపెట్టుకుని, మంచైనా చెడైనా మిగతావాళ్లకు ఉన్నదున్నట్టు రాయాల్సిందీ ఆయనే. ఇక అధ్యక్షుడన్నవాడు, ఈ పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరి చేతా చెక్కు రాయించకుండా అడ్డం నిలబడాలి. నేను సరిగ్గా దీనికి ఎదురు నడిచాను.

మా ముందుకు డబ్బు కోసం వచ్చిన కుర్రాడు ఒకడు, పత్తికొండ వైపువాడు. తెలివైనవాడు, నిజాయితీపరుడు, ఈ కథలో అతని తప్పు తక్కువ. ఉల్లిగడ్డ నిలవ చేసే గోదాములు కడతానన్నాడు. నేలకు ఎత్తుగా, కిందినుంచీ పక్కలనుంచీ గాలి ఆడేలా కట్టి, లోపల ఫ్యాన్లు, తేమను కొలిచే సెన్సర్లు పెట్టి, గడ్డ చెడిపోబోతుంటే ఫోన్‌కు కబురొచ్చేలా చేశాడు. కర్నూలు వాళ్లకు ఉల్లి బాధ చెప్పక్కర్లేదు. గడ్డ యార్డుకు వచ్చే నెలల్లోనే ధర పడిపోతుంది. 2025లో అయితే ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. పీకిన వారంలోనే అమ్ముకోవాల్సిన ఖర్మ రైతుకు తప్పితే అంతకన్నా కావాల్సిందేముంది?

అతను మాట్లాడడం ముగించగానే నేను లేచాను. నాసిక్‌లో ఇదే పద్ధతి ఎంత బాగా నడుస్తోందో అతను తెర మీద చూపించాడు, నాకది చాలింది. మన పిల్లోడు, మన పంట, మన ఊరు, మనం కాకపోతే ఎవరు పెడతారు అన్నాను. ముందుగా నా వాటా ఎంతో చెప్పి చెయ్యెత్తాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఒక్కొక్క చెయ్యీ లేచింది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, “రైతులతో మాట్లాడినారా?” అని అడగబోయారు. “అవన్నీ చూద్దాంలే అన్నా” అని నవ్వుతూ ఆపేశాను. పరిశీలన అన్నది ఆ సాయంత్రం నాలుగు కాగితాలు తిరగేయడంతో ముగిసింది. లీడ్ ఇన్వెస్టర్ ఎవరన్న ప్రశ్న రాలేదు. నేనున్నాను కదా అని వాళ్లనుకున్నారు. ఇంతమంది ఉన్నారు కదా అని నేననుకున్నాను.

నాసిక్ రైతు వేసవిలో తీసే రబీ గడ్డ నాలుగైదు నెలలు నిలవుంటుంది. ఎండకు బాగా ఆరి, మెడ సన్నబడి మూసుకుపోతుంది. మన కోడుమూరు, గోనెగండ్ల వైపు గడ్డలో ఎక్కువ భాగం ఖరీఫ్‌ది. ఆగస్టు, సెప్టెంబరు వానల్లో పీకేది. అది ఆరదు. ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. మా నాయన మండీలో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి. వాన గడ్డ బస్తా రాత్రికి నిలవుంటే పొద్దున్నే అడుగు తడిసి నల్లబారడం కళ్లారా చూసినవాణ్ణి. ఆ కబురు నా తలలోనే ఉంది. దాన్ని ఆ గదిలోకి తేలేదు.

మొదటి గోదాము నిండిన నెలలోపే ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి గేటు దగ్గరే వాసన కొట్టింది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, సెన్సర్లు పనిచేస్తూనే ఉన్నాయి. ఒక రైతు గుట్టలోంచి గడ్డ ఒకటి తీసి, బొటనవేలితో దాని మెడ నొక్కాడు. వేలు సగం దాకా దిగబడింది. పచ్చటి నీళ్లు కారాయి.

“చూడు సామీ, మెడ మూసుకోల్యా. ఈడినుంచే నీళ్లు దిగుతాయి, ఈడినుంచే కుళ్లుతాది. వాన గడ్డను నెలల తరబడి పెట్టొచ్చని ఎవురు చెప్పినారు మీకు? మీ నాయన దీన్ని రెండో రోజు కూడా మండీలో పెట్టుకునేటోడు కాదు. మమ్మల్ని ఒక మాట అడిగింటే చెప్తాంటిమి గదా.”

అడగలేదు. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి వాన పడగానే వజ్రాల కోసం ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి చేలల్లో వంగి వెతుకుతారు. ఒక్క రాయి దొరికితే బతుకు మారిపోతుందని ఆశ. నేను పెట్టుబడిని అచ్చం అలాగే చూశాను. కంటికి మెరిసిందాన్ని పట్టుకోవడమే నేర్పు అనుకున్నాను. అమెరికాలో 2007లో విల్ట్‌బ్యాంక్, బోకర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏంజెల్ బృందాల సభ్యులు పెట్టి, తర్వాత బయటికొచ్చేసిన వెయ్యికి పైగా పెట్టుబడులను లెక్కగట్టారు. అందులో 52 శాతం పెట్టిన డబ్బు కూడా తిరిగి తేలేదు. డబ్బు వేసేముందు 20 గంటలకన్నా తక్కువ పరిశీలించినవాళ్లకు మొత్తం మీద పెట్టినదానికి 1.1 రెట్లే వచ్చింది, అంతకన్నా ఎక్కువ పరిశీలించినవాళ్లకు 5.9 రెట్లు. ఈ లెక్క నేను చాలా ముందే చదివాను, సభ్యులను చేర్చుకునేటప్పుడు ఉపన్యాసాల్లో వాడుకున్నాను కూడా. నా వంతు వచ్చినప్పుడు నాసిక్ ఫొటో చూసి చెయ్యెత్తాను.

పోయింది నా డబ్బే అయితే ఇది రాయాల్సిన పని లేదు. మాలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉన్నారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తెచ్చి వేశారు. ఆయన్ని చేర్చుకోకుండా ఉండాల్సింది. పోయినా ఇంటి మీదికి రాని డబ్బే ఈ పెట్టుబడుల్లో పెట్టాలి. వద్దని చెప్పాల్సింది నేను, అలాంటిది నా మాట మీదే ఆయన చేరారు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. మీటింగులకు రావడం మానేశారు. ఆ మౌనం ముందు నా దగ్గర జవాబు లేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. కుర్రాడు చేతులెత్తేయలేదు. వాన గడ్డను నిలవ పెట్టడం కుదరదు, కోసి ముక్కలు ఎండబెట్టి అమ్ముదాం, అదే షెడ్డు కొంత మార్చితే చాలు అన్నాడు. మంచి ఆలోచన. దానికి మరికొంత డబ్బు కావాలి. బుద్ధున్న బృందం ఏదైనా రెండో విడత కోసం కొంత పక్కన పెట్టుకుంటుంది. మేమంతా ఒకేసారి వేసేశాం. కనీసం ఎండబెట్టిన ఉల్లి కొనేవాళ్ల దగ్గరికి అతన్ని తీసుకెళ్లొచ్చు, బ్యాంకు మేనేజరు దగ్గర పక్కన కూర్చోవచ్చు. అతని ఫోన్ ఎత్తడానికే సిగ్గేసి, ఎత్తడం మానేశాను. ఇప్పుడతను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఏ హైవే ఎక్కకూడదని నేను బృందం కట్టానో, అదే హైవే అతని చేత నేనే ఎక్కించాను.

ఇదయ్యాక చాలాకాలానికి, వేరే పని మీద ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెకు వెళ్లి, పొదుపు సంఘం కూర్చునే చోట కాసేపు ఉండాల్సి వచ్చింది. ఓర్వకల్లు పొదుపులక్ష్మి మహిళలు 1990ల నుంచి రూపాయి రూపాయి దాచి, మండలమంతా సంఘాలు కట్టుకుని నిలబడినవాళ్లు. ఒకామె బర్రెకు అప్పు అడిగింది. “గడ్డి యాడిది?” అంది ఇంకొకామె. “ఎండాకాలం నీళ్లు ఎవురి బోరుకాడ?” అంది మరొకామె. అడిగినామె చెల్లెలు కూడా అక్కడే ఉంది. ఆమె నోరు మెదపలేదు, అక్క కాబట్టి మాట్లాడకూడదట. సంఘం లీడరు అందరి మాటా అయ్యాకే మాట్లాడింది. అప్పు ఇచ్చారు, ముందు గడ్డి ఏర్పాటు చేసుకున్నాకే అని షరతు పెట్టి. లీడరు ఏం చేయాలో నేను హైదరాబాదు హోటళ్లలో వెతికాను. అది నా ఊరికి పాతిక కిలోమీటర్ల లోపే ఉంది.

ప్రాంతీయ బృందం ఎందుకన్నది నాకు అప్పుడు తెలిసింది. డబ్బే కావాలంటే హైదరాబాదులో, ముంబయిలో మనకన్నా ఎక్కువ ఉంది. వాళ్ల దగ్గర లేనిది, వాన గడ్డ మెడ సంగతి తెలిసిన మనిషి. ఆదోని పత్తిలో తేమ ఎంతుంటే మిల్లు ఒప్పుకుంటుందో, బేతంచెర్ల రాయి ఎక్కడ పగులుతుందో, పులివెందుల చీనీకాయ ఏ నెలలో ధర పలుకుతుందో తెలిసినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. ఆ తెలివిని వేదిక మీదికి తీసుకురానప్పుడు కర్నూలులో ఒక బృందం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నిబంధనలు కూడా మారాయి. 2025 సెప్టెంబరులో సెబీ ఏంజెల్ ఫండ్ల నియమాలను సవరించి, ఇకమీదట అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ల నుంచే డబ్బు తీసుకోవాలంది. మనిషికి ఆ గుర్తింపు రావడానికున్న దారుల్లో ఒకటి 7.5 కోట్ల నికర ఆస్తి, అందులో సగం షేర్లు, డిపాజిట్ల వంటి ఆర్థిక ఆస్తుల్లో ఉండాలి. సీమ మనిషి ఆస్తి పొలంలో, ఇళ్ల స్థలాల్లో, బంగారంలో ఉంటుంది. అందుకే ఇది మనకు అన్యాయమని కొందరంటున్నారు. చేరేవాళ్లు తగ్గుతారు, నిజమే. అయినా నేను ఈ నిబంధన వైపే ఉంటాను. ఇది ముందే ఉండి, మేం దానికి కట్టుబడి ఉంటే ఆ లెక్చరర్ గారి డబ్బు ఆయన దగ్గరే ఉండేది.

బృందం కడుతున్న పిల్లలకు నా మనవి ఇది. అధ్యక్షుడు అందరికన్నా చివర మాట్లాడాలని కాగితం మీద రాసుకోండి. బంధువో, ఊరివాడో, శిష్యుడో డబ్బు అడగడానికి వచ్చినప్పుడు ఆ సంగతి ముందే చెప్పి ఓటు మానుకోవాలని రాసుకోండి. ఏడాదికోసారి అధ్యక్షుణ్ణి మార్చండి. వేసినదానికి సమానంగా రెండో విడతకు పక్కన పెట్టండి. కంపెనీ కష్టంలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసుకోండి. పరిశీలన పనికి మనిషి తక్కువైతే నన్ను పిలవండి. యార్డుకూ పొలాలకూ తిరిగొచ్చి, చూసిందీ విన్నదీ రాసిస్తాను. ఓటు నాకొద్దు.