ఆయిల్ గేజీ బాబుగారు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజమండ్రి ప్రాంతాల్లో కొత్తగా స్పోర్ట్స్ కారు కొన్నవాణ్ని గుర్తుపట్టడం తేలిక. వచ్చినవాళ్లంతా కారు ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటే అతనొక్కడూ వెనక గొంతుక్కూర్చుని సైలెన్సర్‌లోకి తొంగిచూస్తుంటాడు. కారుకి రెండే తలుపులు. గేటు దగ్గర గడపంత మిట్ట ఉన్నా పొట్ట రాసుకుంటుంది. డబ్బు రొయ్యలదో, కొబ్బరిదో, అమెరికాలో ఉన్న అన్నగారిదో అయి ఉంటుంది. అతని చేతిలో ఎప్పుడూ ఓ తెల్లగుడ్డ ఉంటుంది.

పొగ అతనికి కొత్త కాదు. చెరువు గట్టుమీద డీజిల్ జనరేటరు నల్లగా కక్కుతుంటే పక్కనే మంచం వాల్చుకుని గుర్రుపెట్టినవాడు. నాన్నగారి డీజిల్ అంబాసిడర్ వీధి మలుపు తిరిగాక ఎదురింటి అరుగు మళ్లీ కనపడడానికి కాసేపు పట్టేది. బండి మంచి ఊపుమీద ఉందని ఇంటిల్లిపాదీ సంతోషించేవారు. ఆ ఇంట్లో పెరిగినవాడే కోటి రూపాయల కారు వెనక పల్చటి తెల్లతెర ఒకటి లేచేసరికి, మనుగుడుపులకొచ్చిన కొత్తల్లుడు దగ్గితే హడలిపోయే మామగారిలా అయిపోతాడు.

జబ్బు సాధారణంగా ధనుర్మాసంలో బయటపడుతుంది. ఊళ్లో మైకు తిరుప్పావై అందుకునే వేళకి కాలవలమీదా చెరువులమీదా మంచు పరుచుకుని ఉంటుంది. బాబుగారు కారు స్టార్ట్ చేస్తారు. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ, దాని వెనకే నాలుగు చుక్కలు. నిజానికి అది పొగ కాదు, ఆవిరి. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండితే నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు తయారవుతుంది. ఎండాకాలం కంటికి కనపడకుండా పోయే ఆ ఆవిరే చలిగాలి తగిలితే తెల్లబడుతుంది. గొట్టం వేడెక్కాక మాయమవుతుంది. గుడ్డ అడ్డం పెడితే తడుస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది, మరక మిగలదు. ఆయిల్ అయితే జిడ్డు మరక ఉండిపోతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసింది మొదలు ఈ సీమ నీళ్లమీదే బతికింది, నీళ్లకోసమే కోర్టులకెక్కింది. అక్కడ పుట్టినవాడికి సైలెన్సర్‌లోంచి నీళ్లొస్తే మాత్రం ఆనవాలు తెలియదు.

పొగ రంగుల శాస్త్రం టీకొట్లో అందరికీ వచ్చు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది: పిస్టన్ రింగులైనా పట్టడం లేదు, వాల్వ్ సీళ్లయినా కారుతున్నాయి. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తగ్గకుండా, తియ్యటి వాసనతో చిక్కటి తెల్లపొగ వస్తే కూలెంటు సిలిండర్‌లోకి దిగుతోంది. ఇదంతా నిజమే. కాకపోతే చెప్పేవాడు పొగ రంగు చూసి కాదు, కారు ఖరీదు విని చెబుతాడు. “అంత పెట్టి కొన్నారు, అప్పుడే బోరింగుకొచ్చేసిందాండీ?” అని ఒకరు. “ఆయ్, మా బావమరిదిదీ ఇలాగే మొదలైందండి, ఆఖరికి తెగనమ్ముకున్నాడండి” అని ఇంకొకరు. గోదావరి జిల్లాల్లో మర్యాదకు లోటుండదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి మరీ భయపెడతారు.

కొన్ని ఇంజన్ల పుట్టుకే అంత. పోర్షే 911లో సిలిండర్లు నిలబడి ఉండవు, అటూ ఇటూ పడుకుని ఉంటాయి. ఆపి ఉంచినప్పుడు కాస్త ఆయిల్ వాటిలోకి చేరి, మళ్లీ స్టార్ట్ చేయగానే బుస్సుమని ఓ పొగ వదలడం దానికి మామూలు. మాజ్దా ఆర్‌ఎక్స్-8లోని రోటరీ ఇంజనైతే లోపలి సీళ్లు ఎండిపోకుండా కావాలనే కొంచెం ఆయిల్ కాలుస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా ఆయిల్ ఖర్చు కావచ్చని కొన్ని జర్మన్ కార్ల పుస్తకాల్లో అచ్చువేసే ఉంటుంది. బాబుగారి కారు పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పకుండా బీరువాలో, పొలం దస్తావేజుల పక్కన భద్రంగా ఉంటుంది.

ఇక ఆయిల్ గేజీ. దాన్ని చూడడానికో పద్ధతుంది: బండి చదునైన నేలమీద ఉండాలి, ఇంజన్ వేడెక్కి ఉండాలి, ఆపాక ఆయిల్ కిందికి దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. గోదావరి జిల్లా వాకిలి చదునుగా ఉండదు. వాననీరు నిలవకుండా కాలవవైపు వాటం పెట్టి గచ్చు చేస్తారు. ఆ వాటంమీద, తెల్లారకుండానే, సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని గేజీ లాగి చూస్తే ఆయిల్ కింది గీత దగ్గర తళుక్కుమంటుంది. వెంటనే ఓ అర లీటరు పోయడమవుతుంది. మర్నాడు కారు ముక్కు గేటువైపు పెట్టి చూస్తే పై గీత దాటి ఉంటుంది. అది గేజీ తప్పని తేల్చి, మూడోనాడు మరో పావు లీటరు. ఆయిల్ మోతాదు మించితే క్రాంక్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది. ఆ నురుగు గాలి గొట్టంలోకి చేరి సిలిండర్లో కాలుతుంది. అప్పుడు వచ్చేది అసలైన నీలం పొగ. అంతదాకా లేని జబ్బు వైద్యంతో వచ్చిందన్నమాట. షెడ్డు మేస్త్రి ఓ గిన్నె ఆయిల్ కిందికి వంపి, “తవరు పోసిందే తీసానండి” అంటాడు. ఆ ముక్కకి డబ్బు పుచ్చుకోడు. గేజీయే లేని కార్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. వాటిలో మట్టం తెరమీద చూసుకోవాలి. వాటి యజమానుల దుఃఖం వేరు, వేలు ముంచి చూసే దారి లేదు.

కొత్త బండికి ఏడాదిదాకా పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా బంకు దగ్గరి వ్యాన్‌లో పరీక్ష చేయిస్తాడు. బీఎస్-6 పెట్రోలు కారులో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం మించకూడదు. చీటీలో దాదాపు సున్నా వస్తుంది. అతనికి మిషన్‌మీద అనుమానం పుడుతుంది.

చివరికి సర్వీసు సెంటరు. అది విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. అక్కడివాళ్లు ఆయిల్ పై గీతదాకా కొలిచి పోసి, మూతకి సీలు వేసి, వెయ్యి కిలోమీటర్లు తిప్పి తెమ్మంటారు. చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ కారు రోజూ వెళ్లేది ఇంటి నుంచి చెరువుదాకా, నాలుగు కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కేలోపు గమ్యం వచ్చేస్తుంది. పుట్టిన నీరూ, కాలని పెట్రోలూ ఆయిల్లోనే ఉండిపోతాయి. కొత్త రింగులు సిలిండర్ గోడకి అరిగి అతుక్కోవాలంటే కాస్త బరువుమీద, దూరం నడవాలి.

వెయ్యి కిలోమీటర్లు వెళ్లడానికి అతనికి పని లేదు. కాబట్టి చుట్టాలు గుర్తొస్తారు. నరసాపురంలో మేనత్త, మండపేటలో పెదనాన్న కొడుకు, రామచంద్రపురంలో పేరు మరిచిపోయిన ఓ బావగారు. అంతర్వేది, ద్రాక్షారామం, అన్నవరం. పదేళ్ల తర్వాత గుమ్మంలో దిగిన మేనల్లుణ్ని చూసి అత్తయ్య అప్పుకొచ్చాడేమోనని ముందు కంగారుపడి, తర్వాత ఆత్రేయపురం పూతరేకులు పెట్టి, తనని కూడా గుడికి తీసుకెళ్లమంటుంది. రెండో సీటు ఆవిడది. దారి పొడుగునా అతను అద్దంలో వెనక్కి చూస్తుంటే, ఎవరో తరుముతున్నారనుకుని ఆవిడ చెంగు బిగించి పట్టుకుంటుంది. రోడ్ కం రైలు వంతెనమీద గోదావరి గాలికి పొగ ఉన్నా తెలియదు, లేకపోయినా తెలియదు.

సీలు తీసి చూస్తే ఆయిల్ వేలి గోరంత దిగి ఉంటుంది, లెక్కలోనే ఉందంటారు. ఈలోగా మాఘం వెళ్లి ఎండలు ముదురుతాయి, తెల్లపొగ కనబడడం మానేస్తుంది. అది సర్వీసు సెంటరు చలవో, అన్నవరంలో చేయించిన సత్యనారాయణ వ్రతం ఫలమో ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. మేనత్తగారు వ్రతం పక్షం.