మెట్రో స్తంభ సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: పోలీస్ ఈవెంట్స్ కోచింగ్. ఉదయం 5కే గ్రౌండు. నెలలో క్వాలిఫై గ్యారంటీ. హాస్టల్ వసతి కలదు.

అవతారిక: దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్బీనగర్ వరకు స్తంభములపై దొరకిన ప్రతులను పోల్చి ఈ పాఠము స్థిరపరచితిమి. పెక్కు ప్రతులపై టూలెట్ కాగితము అతుకుటచే ఫీజు పాదము లుప్తము.

టీక: ఈవెంట్స్ = 2022 నోటిఫికేషన్ ప్రకారము పురుషులకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషముల 15 సెకండ్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల గుండు 6 మీటర్లు. స్త్రీలకు 800 మీటర్లు 5 నిమిషముల 20 సెకండ్లలో, జంప్ రెండున్నర, 4 కిలోల గుండు 4 మీటర్లు. పూర్వము హైజంప్ కూడ ఉండెడిది. తీసివేసినవారు చల్లగా ఉందురుగాక. గ్రౌండు = సరూర్‌నగర్ స్టేడియము గాని, విక్టోరియా మెమోరియల్ మైదానము గాని. ముగ్గురు నలుగురు వరుసగా నడచుచు దారి ఇయ్యని వాకింగ్ పెద్దలు సూత్రకారుడు చెప్పని నాల్గవ ఈవెంటు. హాస్టల్ = రాత్రి పన్నెండు దాక అరిథ్మెటిక్, నాలుగున్నరకు అలారము. గ్యారంటీ = ఫీజు తిరిగి రాదనుట.

శంక: నెలలో దమ్ము వచ్చునా?

సమాధానము: రాదు. 1600 అనగా 400 మీటర్ల చుట్లు నాలుగు. చుట్టుకు 1 నిమిషము 48 సెకండ్లు చాలును. పక్కవానితో పంతమునకు పోయి మొదటి చుట్టు 1 నిమిషము 20లో ముగించువాడు మూడవ దానిలో నడుమున చేతులు పెట్టుకొని నడచును. అందుచే తెలిసిన కోచ్ 400 ఉరికించి, కొంత నడిపించి, మరల ఉరికించును. వాచీ చూపుచు ఒకే వేగము అలవరచును. దమ్ము కుదురుటకే నెలలు పట్టును, ఎముక గట్టిపడుటకు అంతకు మించి. తొందరపడి రోజూ తారురోడ్డుపై ఉరికినవానికి మోకాలి కింద ముందరి ఎముక నొప్పి పట్టి ఉన్న నెలయు పోవును. గుండు సంగతి వేరు: జబ్బలున్నవాడు బంతివలె విసరి 5 వద్ద ఆగును, బక్కవాడు మెడకానించి, కాలి బలమును నడుము మీదుగా చేతికి తెచ్చి నెట్టి 6 దాటును. ఇది మాత్రము నెలలో నేర్పవచ్చును. కనుక సూత్రకారుడు మూడింట ఒక వంతు సత్యవాది.

తాత్పర్యము: అభ్యర్థులారా, నోటిఫికేషన్ పడకముందే గ్రౌండు ఎక్కుడు. ఎత్తు పురుషులకు 167.6 సెంటీమీటర్లు, గిరిజనులకు సడలింపు కలదు. ఫీజు కట్టకముందే గోడకానుకొని కొలుచుకొనుడు; దానికి ఏ స్తంభముపైనను కోచింగ్ లేదు.