కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు పాటించకూడని సలహాలు

2025 ఏప్రిల్‌లో బీర్కూర్ మండలం దామరంచలోనూ, పక్కనే నస్రుల్లాబాద్ మండలంలోని అంకోల్, దుర్కి ఊళ్లలోనూ కల్తీ కల్లు తాగి పదులకొద్దీ మంది ఆస్పత్రి పాలయ్యారు. కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ఏళ్ల తరబడి సాగుతున్న దందా. ఆ కల్లు అలవాటు మాన్పించడానికి డాక్టరు ఎంత అవసరమో, కూర్చుని మాట వినే మనిషి కూడా అంతే అవసరం. అలాంటి మనుషులను తయారుచేసే శిక్షణ తరగతుల్లో కొన్ని సలహాలు చలామణీ అవుతుంటాయి. వినడానికి బాగానే ఉంటాయి. ఒక్కటీ పాటించకండి.

“పాఠంలో పేషెంట్ కథను పేరు మార్చి చెప్పండి, సరిపోతుంది.”

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేదీ, ఎక్కువ హాని చేసేదీ ఇదే. హైదరాబాద్ తరగతిలో పేరు మారిస్తే మనిషి దాగుతాడేమో, బీర్కూర్‌లో దాగడు. “దుబాయి నుంచి వాపసు వచ్చిండు, ఇద్దరు ఆడపిల్లలు, పోయిన వానాకాలం ట్రాక్టర్ అమ్ముకున్నడు” అనగానే ముందు వరుసలో ఉన్న ఆశా కార్యకర్తకు ఆ ఇల్లు ఎక్కడుందో కూడా తెలిసిపోతుంది. ఆయన తన భార్యకు కూడా చెప్పుకోని మాట సాయంత్రానికి ఆమె చెవిన పడుతుంది. ఆ తర్వాత ఆయన ఏ కౌన్సెలర్ గడపా తొక్కడు, ఆయన్ను చూసి ఇంకో నలుగురూ తొక్కరు.

పేరుతో పాటు వయసు, పని, కుటుంబం, అప్పు అన్నీ మార్చండి. ముగ్గురు నలుగురి అనుభవాలు కలిపి అసలు లేని మనిషిని అల్లండి. అలా మారిస్తే పాఠం దెబ్బతింటుందనుకుంటే, ఆ మనిషినే అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వద్దంటే ఆ కేసు వదిలేయండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం గోప్యత రోగి హక్కు. దానికి చట్టం ఇచ్చిన మినహాయింపుల్లో శిక్షణ తరగతి లేదు.

“నిజం పేషెంట్‌ను తెచ్చి అందరి ముందూ కూర్చోబెట్టండి, అప్పుడే బుర్రకెక్కుతుంది.”

బుర్రకెక్కుతుంది, కాదనను. ఆయన ఒప్పుకున్నాడు కదా అంటారు. ఎట్లా ఒప్పుకున్నాడో చూడండి. మందులిచ్చే చోట, మందులిచ్చే సారే అడిగాడు. కాదంటే రేపు మందులిస్తారో లేదోనన్న భయంతో “మీ ఇష్టం సారూ” అన్నాడు. దాన్ని అనుమతి అనుకోవడం అన్యాయం. అడిగేవాళ్లు వైద్యం చేసేవాళ్లు కాకుండా వేరే వాళ్లై ఉండాలి. “వద్దన్నా నీ మందులు ఆగవు” అని మొదటే చెప్పాలి.

ఇక సెల్‌ఫోన్‌లో వీడియో తీసి ట్రైనీల వాట్సాప్ గ్రూపులో పెట్టడం. అమెరికాలో 1965లో విడుదలైన ‘గ్లోరియా’ చిత్రాలు కౌన్సెలింగ్ చదివినవాళ్లకు తెలిసే ఉంటాయి. గ్లోరియా అనే ఆమె కార్ల్ రోజర్స్, ఫ్రిట్జ్ పర్ల్స్, ఆల్బర్ట్ ఎల్లిస్ ముగ్గురితో విడివిడిగా కెమెరా ముందు తన లోపలి సంగతులు చెప్పుకుంది. విద్యార్థుల కోసమని తీసిన ఆ చిత్రాలు తర్వాత టీవీకీ ఎక్కాయి. ఆమె పోయి దశాబ్దాలైనా తరగతుల్లో ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఫిల్మ్ రీళ్ల కాలంలోనే అట్లా జరిగితే, ఫార్వర్డ్ బటన్ ఉన్న ఈ కాలంలో ఒక్క క్లిప్పు ఎక్కడ ఆగుతుంది?

“ట్రైనీల సొంత బాధలు బయటికి తీయించండి, ఏడిస్తేనే ఎదుగుతారు.”

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి జీవితంలో పెద్ద దుఃఖం చెప్పమంటారు. పక్క కుర్చీలో ట్రైనీ పై అధికారి ఉంటాడు. ఎదురుగా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే సారు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఓ ఏఎన్‌ఎం అక్కడ నోరు విప్పితే, ఆ మాట ఆమెతో పాటే ఉద్యోగంలోకి వస్తుంది. విప్పకపోతే “మనసు తెరవదు” అని రిమార్కు పడుతుంది. ఇది నాకు చాలా కోపం తెప్పించే పద్ధతి. మార్కులు వేసే మనిషి ట్రైనీ గుట్టు వినకూడదు, అంతే. బస్సు తప్పిపోవడం, పక్కింటివాళ్లతో మాటపట్టింపు లాంటి చిన్న సంగతులతోనే వినడం చక్కగా నేర్పవచ్చు. “నేను చెప్పను” అనే హక్కు మొదటి రోజే అందరికీ ఇవ్వండి.

“రోల్‌ప్లే అయిపోయిందా, టీ తాగి ముందుకు పదండి.”

వద్దు. తాగుబోతు మొగుడి పాత్ర వేసినామెను తన పేరుతో పిలవండి, ఎట్లా ఉందో అడగండి. రెండు నిమిషాల పని.

“ముందు ఊళ్లోకి పంపండి, తప్పులు చేస్తూ వాళ్లే నేర్చుకుంటారు.”

ఆ తప్పుల ఖరీదు కట్టేది ట్రైనీ కాదు. కల్తీ కల్లుకు అలవాటుపడ్డ మనిషితో ఉత్సాహంగా “రేపటి నుంచి బందు పెట్టు కాకా” అంటే ఏమవుతుంది? ఆల్ప్రజోలం లాంటి మందు ఒంటికి అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్రలేమి, అయోమయం వస్తాయి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకని ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో గుర్తుపట్టడం మొదటి పాఠం కావాలి. రాత్రయినా పగలైనా పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి ట్రైనీకీ నోటికి రావాలి. ముందు కల్పిత కేసులతో ఒకరితో ఒకరు సాధన చేయాలి. ఆ తర్వాతే నిజం మనిషి దగ్గరికి, అదీ సీనియర్ పక్కన కూర్చున్నప్పుడే. ఆ సీనియర్ ముందుగా ఇట్లా చెప్పాలి: “ఈమె ఇంకా నేర్చుకుంటున్నది కాకా. ఈమెతో మాట్లాడటం వద్దనిపిస్తే చెప్పు, నేనే మాట్లాడుత.”