గుంటూరుకో లోయ కావాలట

మా వీధి చివర ఇంట్లో ఒక మిత్రుడున్నాడు. నలభై దాటాక ఆయనకి షుగరు వచ్చింది, షుగరు వెంట పరుగు వచ్చింది. రెండింటికీ నేను సానుభూతి తెలిపాను. ఈ మధ్య మూడోది కూడా వచ్చింది. దాని పేరు వ్యూ.

పొద్దున్నే స్టేడియంలో నలుగురితో కలిసి చుట్లు తిరగడం గానుగెద్దు పనిట. పరిగెడితే లోయలోనే పరిగెత్తాలి. ఒక పక్క కొండ, ఒక పక్క సెలయేరు, నెత్తిన మబ్బు ఉండాలి. అరకులో ఉన్నాయి, లంబసింగిలో ఉన్నాయి, ఇక్కడే లేవు. "మన ఖర్మ మాస్టారూ, పత్తి చేల మధ్య పుట్టాం. ఇక్కడ ట్రైల్ అన్నదే లేదు. అసలు ట్రైల్ అన్న మాటకి తెలుగే లేదు" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు మేమిద్దరం నిలబడి ఉన్నది గుంటూరు డొంక రోడ్డు మీద.

డొంక అంటే చేలకి పోయే బండ్లబాట. రెండు చక్రాల గాళ్ళు, గాళ్ళ నడుమ గడ్డి, అటూ ఇటూ కంప. గుంటూరు పెరిగి పెరిగి తన డొంకని తానే మింగింది, పైన తారు పోసింది. పేరొక్కటే గొంతులో అడ్డం పడి మిగిలిపోయింది. ఊరు దాటితే మాత్రం డొంకలు ఇంకా బతికే ఉన్నాయి. పెదకూరపాడు వైపు పోండి, పర్చూరు వైపు పోండి, ఏ ఊరికైనా నాలుగు దిక్కులా నాలుగు డొంకలు కనపడతాయి. డొంకతిరుగుడు మాటల్లో మనల్ని కొట్టేవాళ్ళు లేరని పేరు. ఆ తిరుగుడు నేర్పిన డొంకనే మరిచిపోయి, ట్రైల్ కోసం విశాఖ రైలు టిక్కెట్లు వెతుక్కుంటున్నాం.

పరుగు పందేల కరపత్రాల్లో 'టెక్నికల్ టెర్రెయిన్' అని ఒక మాట రాస్తారు. నేల మంచిది కాదు, ఫీజు ఎక్కువ అని దానర్థం. ఆ లెక్కన మన నల్లరేగడికి ఎంత ఫీజు పెట్టొచ్చో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఒక్క వాన పడితే చాలు, అడుగు తీసి అడుగు వేసేసరికి చెప్పు కింద మట్టి పెడ్డ కడుతుంది. పది అడుగులకి ఏనుగు పాదం తయారవుతుంది. ఇరవై అడుగులకి చెప్పు చేలో ఉంటుంది, కాలు గాల్లో ఉంటుంది, మనిషి మధ్యలో ఎక్కడో ఉంటాడు. జిమ్ములో కాళ్ళకి ఇసుక మూటలు కట్టి నెలకింత అని తీసుకుంటారు. రేగడి ఊరికే కడుతుంది. ఎండాకాలం వస్తే అదే నేల నెర్రెలు విచ్చి నోళ్ళు తెరుచుకుని కూచుంటుంది. ఏ నోట్లో ఎవరి చీలమండ పడుతుందో చెప్పలేం. ఇక సర్కారుతుమ్మ. పదిహేను వేల బూటు అడుగున నురుగు లాంటి మెత్త ఉంటుంది చూశారూ, ఆ మెత్తంటే దాని ముల్లుకి ప్రాణం.

మెక్సికోలో రాగి లోయ అని ఒక పెద్ద లోయ ఉంది. అక్కడి రరామురి జనం రోజుల తరబడి పరిగెడతారు. వాళ్ళ గురించి 2009లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వచ్చి ప్రపంచమంతా చదివింది, మా మిత్రుడూ చదివాడు. వాళ్ళు తొడుక్కునేవి పాత టైరు కోసి తోలు తాళ్ళు కట్టిన చెప్పులని తెలిసి, ఆ మోస్తరువి విదేశం నుంచి తెప్పించుకున్నాడు. టైరు చెప్పులు! మన సంతల్లో కుప్ప పోసి అమ్మినవి, మన తాతలు దుక్కికి తొడుక్కుపోయినవి. "ఇవి సహజంగా పరిగెత్తడం నేర్పుతాయి మాస్టారూ" అన్నాడు. మా తాతకి కూడా నేర్పాయి. ఆయన పరిగెత్తింది అప్పులవాడు కనపడినప్పుడు.

లేహ్‌లో 2012 నుంచి మారథాన్ జరుగుతోంది. సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్ల ఎత్తు, ప్రాణవాయువు తక్కువ. వెళ్ళొచ్చినవాళ్ళు "ఊపిరాడలేదు!" అని కళ్ళు మెరుస్తుండగా చెప్తారు. ఊపిరాడకపోవడానికి లడక్ దాకా విమానం ఎందుకండీ? మార్చి నెలలో మన మిర్చి యార్డు గేటు దగ్గర నుంచి వంద గజాలు పరిగెత్తండి చాలు. తేజ రకం మిర్చి దిగుతున్న పూట అయితే యాభై గజాలకే లడక్ కనపడుతుంది. లోపల ముఖానికి తువ్వాలు చుట్టుకున్న హమాలీ నలభై కిలోల పైచిలుకు టిక్కీ బస్తాని వీపున వేసుకుని, నడకా కాని పరుగూ కాని ఒక తీరున పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంటాడు. ఆయన చేతికి గడియారం లేదు కాబట్టి అది వ్యాయామం కిందికి రాదు.

మంచు సంగతి కూడా చెప్పాలి. లంబసింగి పొగమంచులో తీసిన ఫొటోలు చూపించి, మనకీ భాగ్యం లేదే అని ఆయన వాపోయాడు. నిరుడు కార్తికంలో ఒక తెల్లవారుజామున పత్తి చేల పక్కన డొంక వెంట నడుస్తుంటే నాకూ తెల్లటి తెర కనపడింది. ఆహా, మన దగ్గరా మంచు పడుతోందే అనుకుని గుండెల నిండా పీల్చాను. మంచు కాదు, మందు. అవతల గట్టు మీద ఇద్దరు పవర్ స్ప్రేయర్లు తగిలించుకుని పురుగుకి కొడుతున్నారు. పురుగు సంగతేమో గానీ నేను మాత్రం రెండు రోజులు పడకేశాను.

మన దగ్గర పరిగెత్తడానికి అసలు అడ్డంకి నేలా కాదు, గాలీ కాదు. జనం. మన పల్లెలో పెద్దమనిషి పరిగెడితే దానికో కారణం ఉండి తీరాలి. గేదె తప్పిపోయిందా? ఎవరికన్నా బాగాలేదా? ఒకసారి వైద్యుడి మాట విని నేనూ ఊరి బాట మీద నాలుగు అడుగులు పరిగెత్తాను. వెనక నుంచి మోపెడ్ వచ్చి పక్కన ఆగింది. "ఏంది అబ్బాయా, బస్సు పోయిందా? ఎక్కు, సెంటర్లో దింపుతా." కాదు పెద్దాయనా, ఒంటికి మంచిదని పరిగెడుతున్నానన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇంట్లో ఏవన్నా గొడవా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

అందుకే మా మిత్రుడి బృందం ఆదివారాలు కొండవీడుకి పోతోంది. అక్కడ అడిగేవాళ్ళుండరు. తొమ్మిది మందికి అయిదు కార్లు. దారి పొడుగునా అద్దాలు మూసి ఏసీ వేస్తారు, దుమ్మూ మిరప ఘాటూ లోపలికి రాకూడదుగా. పాతిక కిలోమీటర్లు పోవడానికి, పాతిక రావడానికి పెట్రోలు; మధ్యలో ఘాట్ రోడ్డు మీద అయిదు కిలోమీటర్ల చెమట. ఆ చెమటని ఆరకముందే ఫొటో తీసి 'ప్రకృతి ఒడిలో' అని కింద రాసి పెడతారు. తర్వాత నేతి ఇడ్లీ.

కొండవీడు కొండేమీ ఒడి కాదు. రెడ్డిరాజులు అద్దంకిలో రాజ్యం మొదలుపెట్టి, తర్వాత రాజధానిని ఈ కొండకి మార్చింది వ్యూ కోసం కాదు, శత్రువు ఎక్కిరాలేడని. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఈ కోట తీసుకోవడానికి చుట్టూ సైన్యాన్ని దింపి ముట్టడి వేయాల్సివచ్చింది. మనవాడు ముప్పై ఎనిమిది నిమిషాల్లో ఎక్కేసి, గడియారం నొక్కి, "నా రికార్డు" అన్నాడు. రాయలవారి కాలానికి ఘాట్ రోడ్డు వేయలేదని ఎవరైనా చెప్పండి.

అదే అద్దంకి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని ప్రసిద్ధి. మైదానం రాజు కొండదారి వేయించాడన్నమాట. శివరాత్రికి ఇప్పటికీ వేలమంది వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువుల మీదుగా నల్లమల దాటి నడిచిపోతారు. దారిలో భీముని కొలను దగ్గర దిగి, మళ్ళీ కైలాసద్వారానికి ఎక్కాలి. సిసలైన లోయ, సెలయేరుతో సహా. పోయేవాళ్ళలో చెప్పుల్లేనివాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నెత్తిన మూటలవాళ్ళు. పందెం రుసుము లేదు, పతకం లేదు, దారిలో అన్నం పెట్టేవాళ్ళున్నారు. ఈ సంగతి చెప్పి, మీకు కావలసిన లోయ ఇదేగా పోదాం పదండి అన్నాను. మిత్రుడు కాసేపు ఆలోచించాడు. "అక్కడ సిగ్నల్ ఉండదుగా మాస్టారూ?"

ఒక్క విషయం నాకు ఎప్పటికీ అర్థం కాదు. పరుగుకీ చూపుకీ పొత్తెలా కుదురుతుంది? రాళ్ళదారిలో దిగుడు పరుగు పెట్టేవాడు కాలి ముందు రెండు గజాలు తప్ప ఏమీ చూడకూడదు. తలెత్తాడా, పళ్ళు రాలతాయి. అంటే డబ్బిచ్చి పోయిన లోయని పరిగెత్తినంతసేపూ చూడనే చూడడు, ఆగినప్పుడు చూస్తాడు. ఆగి చూడటానికి బూట్లెందుకు, కుర్చీ చాలదూ? కోటప్పకొండ గొల్లభామ కథలో ఉన్నది ఇదేగా. రోజూ కొండెక్కి స్వామికి పాలు పోసిన ఆనందవల్లి, నిండు గర్భంతో ఎక్కలేక నువ్వే దిగిరా అంది. నీ వెనకే వస్తాను, తిరిగి మాత్రం చూడొద్దన్నాడు స్వామి. చప్పుడుకి బెదిరి ఆమె వెనక్కి చూసింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. ఇప్పుడు ఆ కొండ మీద ఫోను కర్ర చాపి వెనక్కి తిరిగి చూడనివాడు లేడు. కాకులొక్కటే అక్కడ వాలవంటారు. వాటికి బుద్ధి ఉంది.

ఈ రాష్ట్రంలో దూరపు నడక తెలిసినవాళ్ళు లేకపోలేదు. 2003 ఎండల్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. చంద్రబాబు 2012లో హిందూపురం నుంచి బయల్దేరారు. జగన్ 2019 జనవరికి 3,648 కిలోమీటర్లు పూర్తి చేశారు. ముగ్గురూ ఆ తర్వాత ముఖ్యమంత్రులయ్యారు. ఫినిషర్ మెడల్ అంటే అదీ. రేకు బిళ్ళ కోసం పరిగెత్తేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

కొండవీడుకి ఒక ఆదివారం నన్నూ తీసుకుపోయారు. నేను కార్లోనే ఎక్కాను. పైన బురుజు దగ్గర నిలబడి మా మిత్రుడు కిందికి చూసి ఒళ్ళు మరిచిపోయాడు. "చూశారా మాస్టారూ, ఆ ఎర్రెర్రటి గళ్ళు! నేలంతా తివాచీలు పరిచినట్టు!" అవి మిరప కల్లాలు. గంట క్రితం వాటి పక్కనుంచే అద్దాలు మూసుకుని వచ్చాం. తివాచీల మీద చీమల్లా కదులుతున్నది తాలుకాయ ఏరుతున్న ఆడవాళ్ళు. వాళ్ళలో ఆదోని, కోసిగి వైపు నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చినవాళ్ళు ఎంతమందో. కోతల కాలమంతా సాలు వెంట సాలు, నడుం వంచి నడుస్తారు. ఒక్క రోజు మీ గడియారం ఒక కూలీ మనిషి చేతికి కట్టి చూద్దాం, ఎన్ని అడుగులు వేస్తుందో తేలిపోతుందన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెమట తగిలితే పాడవుతుందట.

లోయ లేదన్న మాట కూడా పచ్చి అబద్ధం. మనకో లోయ ఉంది, దాన్ని చూడాలంటే మిర్చి ధరల పట్టీ తిరగేయాలి. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటి అమ్మిన కాయ, 2025 ఫిబ్రవరికి ఎంత లోతుకి జారిందంటే, కేంద్రం దిగివచ్చి మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు అని గీత గీయాల్సివచ్చింది. ఎనిమిది వేల పైచిలుకు దిగుడు. ఫ్రాన్సులో షామొనీ అనే లోయ నుంచి బయల్దేరి మోబ్లాంక్ కొండని చుట్టివచ్చే పందెం ఒకటి 2003 నుంచి జరుగుతోంది. సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కుడు పదివేల మీటర్లు, దిగుడూ అంతే. లోకమంతా దాన్ని కఠినం అంటుంది. మా పెదనాన్నగారి అబ్బాయి కల్లంలో నులకమంచం మీద కూచున్నవాడు కూచున్నట్టే ఆ దిగుడు దిగాడు. కోల్డ్ స్టోరేజీలో దాచిన సరుకుతో మళ్ళీ ఎప్పుడు ఎక్కుతాడో తెలియదు. ఆ దారిలో మంచినీళ్ళ బల్లలు లేవు, చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. కౌలు రైతయితే కట్టిన రుసుము తిరిగిరాదు కూడా.

మా మిత్రుడు సంక్రాంతి సెలవులకి అరకు ఖాయం చేసుకున్నాడు. క్షేమంగా వెళ్ళి లాభంగా రమ్మన్నాను. చదివే మీలో ఎవరికైనా ఇక్కడే పరిగెత్తాలనుంటే, నాగార్జున సాగర్ కుడికాలువ కట్ట ఉంది, మాచర్ల నుంచి ప్రకాశం జిల్లా దాకా రెండు వందల కిలోమీటర్లకి తక్కువ కాదు. అది దూరమనుకుంటే మీ ఊరి డొంక ఉంది. పొద్దు పొడవకముందే బయల్దేరండి, మందు కొట్టే చేను ఉంటే గాలివాటం చూసుకోండి, కుక్కలకి రెండు బిస్కెట్లు జేబులో వేసుకోండి. వెనక నుంచి మోపెడ్ వచ్చి బస్సు పోయిందా అని అడిగితే వాదన పెట్టుకోకండి. పోయిందని చెప్పి ఎక్కి కూచోండి.