ఒంటికి పడే చమురు

నేను పెదకూరపాడు నల్లరేగడిలో పత్తికీ మిరపకీ దుక్కి దున్నే పాత డీజిల్ ట్రాక్టర్ని. డీజిల్ ధర పెరిగినప్పుడల్లా నన్ను గ్యాసు మీదకి మార్చాలన్న మాట వస్తుంది. ఖర్చు చూసుకోని సేద్యం నిలవదు, కాబట్టి ఆ ఆలోచనలో తప్పు లేదు. అయితే చాలామంది దాన్ని ట్యాంకు తీసి గ్యాసు బండ బిగించే పనిగా లెక్కేస్తారు. అసలు మార్చాల్సింది పొయ్యిని. ఇంజను ఒంటికి ఏ చమురు పడుతుందో, పిస్టను పైన గాలి ఎంత నలుగుతుందో దాన్నిబట్టే తేలుతుంది.

జాన్ డీర్ 4020 ట్రాక్టర్ని చూడండి. 1960ల్లో అమెరికాలో అది పెట్రోలు, ఎల్పీజీ, డీజిల్ మూడు రకాల్లోనూ వచ్చింది. పేరూ రంగూ ఒకటే, గాలిని నలిపే కంప్రెషన్ నిష్పత్తి మాత్రం పెట్రోలు బండికి సుమారు 7.5, ఎల్పీజీ బండికి 9, డీజిల్ బండికి 16 పైన. నలిపినప్పుడు ఎల్పీజీలోని ప్రొపేన్ పెట్రోలంత తొందరపడి తనంత తాను పేలదు గనక దానికి పెట్రోలు కన్నా ఎక్కువ పెట్టారు. అలాంటి పాత గ్యాసు బండిని పెట్రోలుకి తెచ్చేవాళ్లకి ఈ అంకెలే అడ్డం పడతాయి. బరువైన నాగలి లాగుతూ వేగం తగ్గినప్పుడు పెట్రోలు ముందే పేలి ఇంజను టకటకా కొట్టుకుంటుంది, ఆ దెబ్బలన్నీ పిస్టను తల మీదే. పైగా గ్యాసు ఆవిరిగానే లోపలికి వస్తుంది కాబట్టి దాని మేనిఫోల్డు గొట్టం చల్లగా ఉన్నా చాలు. పెట్రోలు తుంపరకి వేడి తగలాలి. తగలకపోతే గొట్టం గోడలకి చెమ్మలా పట్టి, సిలిండర్లోకి చుక్కలుగా జారి, అక్కడి ఇంజనాయిల్ పొరని కడిగేస్తుంది. అంటే కార్బొరేటర్ ఒక్కటీ కొంటే సరిపోదు. మేనిఫోల్డు, టైమింగు, అవసరమైతే పిస్టన్లూ మార్చాలి.

ఆటోలు గ్యాసు మీద నడవడంలేదా అంటారు. నడుస్తున్నాయి, బాగానే నడుస్తున్నాయి. కానీ అవి ప్లగ్గుతో పుట్టిన పెట్రోలు ఇంజన్లు, వాటికి చమురు వచ్చే దారి మారిస్తే చాలు. నాకు ప్లగ్గే లేదు. గాలిని పదహారో వంతుకి నలిపితే పుట్టే వేడికే, నాజిల్ సూదిమొనంత కన్నాల్లోంచి చిమ్మిన డీజిల్ అంటుకుంటుంది. నన్ను పూర్తిగా గ్యాసుకి తేవాలంటే నాజిల్ చోట ప్లగ్గు పెట్టాలి, కంప్రెషన్ దించాలి, డీజిల్ పంపు తీసెయ్యాలి. అప్పటికి నాలో మిగిలేది గేర్బాక్సూ చక్రాలూ.

2021 ఫిబ్రవరిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ సీఎన్జీకి మార్చిన డీజిల్ ట్రాక్టర్ని విడుదల చేశారు, ఏడాదికి లక్షకు పైగా ఆదా అన్నారు. మార్పు సాధ్యమేనని అది రుజువు చేసింది, ఒప్పుకుంటాను. ఏడాది పొడుగునా కిరాయికి తిరిగే బండికి అది నిజంగా మేలు. కానీ డీజిల్ ఖర్చే లక్ష దాటని సొంత పొలం బండికి లక్ష ఆదా ఎక్కడిది? డీజిల్ క్యానులో చేలోకి వస్తుంది, సీఎన్జీ అలా రాదు. దుక్కి అదనులో బండే బంకుకి వెళ్లాలి.

ఇంట్లోని వంట గ్యాసునే బండికి వాడదామనే మాట మాత్రం నాకు భయం పుట్టిస్తుంది. అది నేరం. పైగా ఆ గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, ఇంజను కిందే మడుగు కడుతుంది. పత్తి బోరాల పక్కనో, ఎండిన మిరప కల్లంలోనో ఒక్క నిప్పురవ్వ చాలు.

నా పొగ నల్లగా వస్తోందంటే తాగిన డీజిల్ పూర్తిగా కాలడంలేదన్నమాట. నాజిళ్లు టెస్టు చేయించండి, ఎయిర్ క్లీనర్ కడిగి ఆయిల్ మార్చండి, పంపు టైమింగు సరిచూడండి. పొగ తేటపడ్డాక ఎకరం దుక్కికి ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. గ్యాసు కిట్టు ధర పక్కన వేసి చూడాల్సిన అంకె అదే.